పారిపోయే భూతద్దం

డేల్ నీమెలా శనివారం పొద్దున వరసగా మూడు పనులు చేస్తాడు. కాఫీ కాచుకుంటాడు, ఊరి వారపత్రికలో గళ్లనుడికట్టు నింపుతాడు, ఆ తరువాత ఫిర్యాదులు మూస్తాడు. మొదటిది చేదు, రెండోది తీపి, మూడోది ఉప్పూ కారమూను. మిగతా రోజుల్లో హ్యాంకాక్ ఊళ్లో సౌనా అనే ఆవిరిస్నానపు గదులకు పొయ్యిలమ్మే దుకాణం నడుపుతాడు. ఆ ఊళ్లో మంచికన్నా మంచు ఎక్కువ కాబట్టి పొయ్యిలకు గిరాకీ బాగానే ఉంటుంది. వారమంతా జనానికి చెమట పట్టించే సరుకు అమ్మిన మనిషికి శనివారం జనమే చెమట పట్టిస్తారు.

ఫిర్యాదులన్నీ లూన్ మీద. లూన్ అంటే లినక్స్ కంప్యూటర్ల తెర మీద తిరిగే భూతద్దం. చూపు తగ్గినవాళ్లు టైపు చేస్తుంటే ఆ అద్దం అక్షరం వెంటే నడుస్తూ, దాన్ని గుమ్మడికాయంత చేసి చూపిస్తుంది. కుర్రతనంలో వెల్డింగు రవ్వ పడి డేల్‌కు ఎడమకన్ను మందగించింది. అందుకని ఈ ప్రోగ్రామును తన కోసం తానే రాసుకున్నాడు. రాసుకున్నవాడు ఊరుకోక, ఊరికే లోకానికి ఇచ్చాడు. ఇప్పుడు ఊరూరి నుంచీ ఫిర్యాదులు. డబ్బు రాదు, మెప్పు రాదు, తిట్లు మాత్రం రాకమానవు.

సరస్సులో లూన్ పక్షి ఇక్కడ మునిగి ఇంకెక్కడో తేలుతుంది. పేరు పెట్టేటప్పుడు డేల్‌కు అది ముచ్చటైన అలవాటుగా తోచింది. రాసే చోటు ఇక్కడుంటే భూతద్దం ఇంకెక్కడో తేలుతోందని జనం మొరపెట్టుకున్నాక, పక్షిని ఎంచుకోవడంలో కాస్త తొందరపడ్డానేమో అనుకున్నాడు.

ఫిర్యాదు మూయడంలో అతనిది ఒక పద్ధతి. ఏం చేశారు, ఏం జరగాలనుకున్నారు, ఏం జరిగింది అనే మూడు ప్రశ్నలకు ముందు జవాబు రాయమంటాడు. తరువాత లాగ్ పంపమంటాడు. లాగ్ అంటే యంత్రం తన పనుల గురించి తానే రాసుకునే దినచర్య. అడిగితే మాత్రం జనం లాగు విప్పమన్నట్టు సిగ్గుపడి సగంమంది అక్కడే ఆగిపోతారు. మిగిలినవాళ్లను కంప్యూటర్లో కొత్త ఖాతా తెరిచి అందులో చూడమంటాడు. పాత ఖాతాలో ఏళ్లతరబడి మార్చుకున్న సెట్టింగుల చెత్త పేరుకుపోయి ఉంటుంది, తప్పు ఆ చెత్తదే కావచ్చు, లూన్‌ది కాకపోవచ్చు. అప్పటికీ కదలని మొండివాళ్ల కోసం తన ల్యాప్‌టాప్‌లో తానే ఒకసారి చూసి, 'నా దగ్గర బాగానే ఉంది' అని రాసి, ముసిముసిగా నవ్వుకుంటూ మూసేస్తాడు. అందులో అబద్ధమేమీ లేదు. అతని దగ్గర నిజంగానే బాగుంటుంది.

ఈ చలికాలం 'వీలీ' అనే పేరుతో ఒక ఫిర్యాదు వచ్చింది. వీలీ అంటే ఫిన్లాండువాళ్లు తోడేసుకునే జిగురు పెరుగు. ముత్తాత ఆ దేశం నుంచి రాగిగనుల పనికి వచ్చినవాడు కాబట్టి డేల్‌కు ఆ ముక్క తెలుసు. హెల్సింకీలో ఎవరో అనుకున్నాడు. అతను లూన్ వ్యవహారాల్లో వాడే పేరు 'కియువాస్', అంటే సౌనా పొయ్యి. అవతలివాళ్లు అతన్ని ఎక్కడివాడనుకుని ఉంటారో అతనెప్పుడూ ఆలోచించలేదు. ఫిర్యాదు ఇలా ఉంది:

'ఏం చేశారు: అప్‌డేట్ చేశాను. అక్కడే తప్పుచేశాను.

ఏం జరగాలనుకున్నారు: ఈ వయసులో పెద్ద ఆశలేమీ లేవు. నేను కొట్టే అక్షరం మీద భూతద్దం ఉంటే చాలు.

ఏం జరిగింది: అక్షరం కొట్టగానే భూతద్దం తెర పైన ఎడమ మూలకు పారిపోతోంది. బతిమాలి తెచ్చి పెడితే, తరువాతి అక్షరానికి మళ్లీ అక్కడికే. నేను వారం వారం అప్పజెప్పే పని ఒకటుంది. కన్ను కనపడకపోయినా ఇన్నాళ్లూ ఈ అద్దం చలవతోనే చేశాను. ఇది ఇలాగే ఉంటే ఆ పని ఇంకొకరికి పోతుంది.'

చివరి మూడు వాక్యాలూ డేల్‌కు నచ్చలేదు. ఫిర్యాదులో సొంతగోడు ఉండకూడదని అతని అభిప్రాయం. లాగ్ అడిగితే వచ్చింది. కొత్త ఖాతా తెరవమంటే తెరిచి, 'కొత్త ఖాతాలోనూ పాత కథే' అని జవాబొచ్చింది. సరిగా తెరిచి ఉండదులే అనుకున్నాడు. ఆ కిందే బ్రెజిల్ ఆయన ఒకరు, హాలిఫాక్స్ ఆవిడ ఒకరు 'మాకూ ఇంతే' అని గొంతు కలిపారు. డేల్ తన ల్యాప్‌టాప్‌లో నాలుగు వాక్యాలు కొట్టి చూశాడు. భూతద్దం బంక పెట్టి అతికించినట్టు అక్షరం మీదే ఉంది. 'నా దగ్గర బాగానే ఉంది' అని రాశాడు, మూశాడు. వీలీకి వీలుకాదన్నాడు, వ్యవహారం ముగిసింది. అవతలి నుంచి ఒక్క ముక్క వచ్చింది: 'కీటోస్'. అంటే ధన్యవాదాలు. ధన్యవాదాలను అంత చల్లగా చెప్పవచ్చని, మంచు ఊళ్లో పుట్టిన డేల్‌కు కూడా అప్పుడే తెలిసింది.

ఈ శనివారం రెండో పని దగ్గరే తేడా కొట్టింది. వారపత్రికలో గళ్లనుడికట్టు కింద ఎప్పుడూ ఉండే 'ఐ. ఎస్.' అన్న పొడి అక్షరాలు లేవు. ఆ ఐ. ఎస్. ఎవరో డేల్‌కు తెలియదు గానీ, ఆ మనిషి గళ్లలో ఊరుండేది. మంచు తీసే బండి డ్రైవర్ల చిరాకుండేది, మూతపడ్డ గనుల పేర్లుండేవి, చర్చి విందులో మిగిలిపోయే వంటకం ఉండేది. ఈ వారం గళ్లు ఎక్కడో దూరాన టోకున తయారైన సరుకు. ఇటలీ సంగీత నాటకం పేరడిగింది, కాలిఫోర్నియా నటుడి మూడో భార్య పేరడిగింది. ఇంటి పచ్చడి అడిగితే కొట్టు సీసా చేతిలో పెట్టినట్టనిపించింది. గళ్ల కింద చీమతలంత అక్షరాల్లో సంపాదకుడి గమనిక ఒకటుంది. లూన్ కాగితం మీద పనిచేయదు కాబట్టి డేల్ దాన్ని చదవలేదు.

మధ్యాహ్నం లైబ్రరీకి వెళ్లాడు. అక్కడ నెలకొక శనివారం మరమ్మతుల బల్ల వేస్తారు. పాడైన దీపాలు, కుట్టుమిషన్లు, కంప్యూటర్లు ఎవరైనా తెచ్చుకోవచ్చు. చేసేవాళ్లు కూలి తీసుకోరు. తెచ్చేవాళ్లు ఏదో ఒకటి వండుకొచ్చి పళ్లెంలో పెడతారు. బల్లకు పెద్ద దిక్కు లైబ్రేరియన్ కానీ బోషాం. పేరులోనే తప్ప ఆవిడ మాటలో 'కానీ' ఉండదు.

"ఏమయ్యా డేల్, మొహం అట్లా వేలాడేశావేంటి? పొయ్యి వెనక్కి తెచ్చిచ్చారా ఎవరైనా?" అంది కానీ, కుట్టుమిషన్‌కు నూనె వేస్తూ.

"గళ్లనుడికట్టు చూశావా? గడ్డి తిన్నట్టుంది."

"నీది తినేవాడి బాధ. వండే మనిషి బాధ నీకేం తెలుసు."

"వండేదెవరో నీకు తెలుసా?"

"తెలుసు. చెప్పొద్దంది, చెప్పను."

అంతలో తలుపు తోసుకుని ముందు మంచు మీద జారే స్లెడ్ బండి ఒకటి వచ్చింది. దాని మీద దుప్పటి చుట్టిన కంప్యూటరు, తెర, వాటి మధ్య మూతకు గుడ్డ కట్టిన గాజుసీసా. వెనకాల దాన్ని తోస్తూ ఒక ముసలావిడ. డెబ్బై దాటి చాలాకాలమై ఉంటుంది. బూట్ల మంచు గుమ్మంలోనే తట్టి దులిపి, ఎవరినీ చూడకుండా గొంతు వచ్చిన వైపు తిరిగింది.

"కానీ, నీ బల్ల మీదే కదా నా డబ్బాకి లినక్స్ ఎక్కించావు. ఇప్పుడు అద్దం నా మాట వినట్లేదు. కంప్యూటర్లు చూసే ఆయన వచ్చాడా?"

"వచ్చాడు. అదుగో, పొయ్యిల డేల్. డేల్, ఈవిడ ఇర్మా సారెలా. ప్రెస్సులో ప్రూఫులు దిద్దేది, ఇప్పుడు మమ్మల్ని దిద్దుతోంది."

"నీమెలాల అబ్బాయివా?" అంది ఇర్మా, దగ్గరికొచ్చి అతని మొహంలోకి వంగి. "హెల్మీ మనవడివా?"

"అవునండీ."

"మీ నాయనమ్మ చర్చిలో ఎప్పుడూ ముందు వరసలో నిలబడేది. శ్రుతి మాత్రం వెనక వరసలో ఉండేది. కూర్చో నాయనా, కూర్చుని చూడు."

తీగలు కలిపారు, తెర వెలిగింది. ఇర్మా తెర మీద రాసుకునే విండోను, అదే కిటికీని తెరిచి, లూన్‌ను పిలిచి, ఒక అక్షరం కొట్టింది. భూతద్దం తెర పైన ఎడమ మూలకు పారిపోయింది. బల్ల వెనక డేల్‌కు కూడా అదే పని చేయాలనిపించింది.

"చూశావుగా," అంది ఇర్మా.

"చూశానండీ," అన్నాడు డేల్. జవాబు తెలిసిన ప్రశ్నే అడిగాడు. "ఎవరికైనా రాశారా?"

"రాయకేం. ఎవడో ఫిన్లాండువాడు చూస్తాడట దీన్ని. కియువాసో ఏదో పేరు. అడిగిందల్లా ఇచ్చాను. లాగంటే లాగిచ్చాను, కొత్త ఖాతా అంటే కొత్త ఖాతా తెరిచాను. చివరికి 'నా దగ్గర బాగానే ఉంది' అన్నాడు. నీ దగ్గర బాగుంటే నాకేంటయ్యా? మోకాలు నొప్పని డాక్టరు దగ్గరికి పోతే, నా మోకాలు బాగానే ఉందమ్మా అని తలుపేసుకున్నట్టుంది."

"వెధవ," అంది కానీ, తల ఎత్తకుండానే.

"పాపం, ఆయనకీ ఏవో పనులుంటాయేమోలే," అన్నాడు డేల్.

"నువ్వెందుకు వెనకేసుకొస్తున్నావు? మీకేమన్నా చుట్టమా?"

"దూరపు చుట్టం," అన్నాడు డేల్. దూరం కొలవమంటే అతని కుర్చీకీ అతనికీ మధ్య ఉన్నంత.

ఇర్మా దుప్పటి మడతపెట్టి ఒళ్లో పెట్టుకుంది. "సోమవారం మధ్యాహ్నంలోపు నేను గళ్లు పంపాలి. పోయిన వారం పంపలేకపోయాను. ఈ వారం కూడా పంపకపోతే బయట సరుకే ఖాయం చేస్తానన్నాడు సంపాదకుడు. వాడూ మంచివాడే, ఖాళీ పేజీ అచ్చేయలేడు కదా. కళ్లు మసకబారాయి గానీ, గళ్లు ఇంకా మసకబారలేదు నాయనా నాకు."

డేల్ ముందు ఆవిడ కోటు మీద కుట్టిన పేరు చూశాడు, తరువాత కానీ వైపు చూశాడు.

"ఐ. ఎస్.," అన్నాడు.

"నేను చెప్పలేదు," అంది కానీ.

ఇప్పుడు లెక్క మొత్తం అతని ముందుంది. ఫిర్యాదు మూసింది అతను. మూతపడ్డది అతని గళ్లనుడికట్టు. ఊళ్లో వాళ్లకు ఇటలీ నాటకాల పేర్లు తినిపించినది కూడా అతనే, సంపాదకుడు కాదు.

తన ల్యాప్‌టాప్ తీసి ఆవిడ కంప్యూటరు పక్కన పెట్టాడు. రెండింటిలోనూ అదే లినక్స్, అదే లూన్, అదే అప్‌డేట్. ఆవిడ యంత్రంలో ఒక అక్షరం కొట్టాడు, భూతద్దం పరారు. తన యంత్రంలో కొట్టాడు, భూతద్దం కాపలా కుక్కలా కాళ్ల దగ్గరే. మళ్లీ కొట్టాడు. మళ్లీ అంతే.

"విచిత్రంగా ఉంది. నా దగ్గర..." అని మొదలుపెట్టి, మిగతా మాట మింగాడు.

లైబ్రేరియన్ కానీ గాజుసీసా గుడ్డ విప్పి చెంచాతో తీసింది. వీలీ చెంచాకూ సీసాకూ మధ్య తీగలా సాగింది. "ఇర్మా, ఎట్లా చేస్తావే ఇది? నేను కొట్లో తోడు కొని వేస్తే నీళ్లవుతుంది."

"కొట్లో తోడు తోడా? మా నాయనమ్మ ఓడెక్కేటప్పుడు చేతిరుమాలు తోడులో ముంచి, ఆరబెట్టి, జేబులో పెట్టుకొచ్చింది. ఇక్కడికొచ్చాక పాలల్లో నానేసింది. ఆవులు మారాయి, గిన్నెలు మారాయి, ఇళ్లు కూడా మారాయి. రుచి మారలేదు."

ఇది డేల్‌కు తెలిసిన దారి. కాస్త ఊపిరి పీల్చుకున్నాడు. "నేనూ అంతేనండీ. ఈ ల్యాప్‌టాప్ మొన్న కొన్నదే. అయినా తెరిస్తే నా పాత యంత్రంలాగే ఉంటుంది. కుర్రవాడిగా ఉన్నప్పటి నుంచి నా ఫోల్డరు ఒక్కటే. కొత్త యంత్రం కొన్నప్పుడల్లా దాన్నే ఎత్తుకొచ్చి అందులో వేస్తాను. సెట్టింగులన్నీ అందులోనే ఉంటాయి. ఒక్క ముక్క కూడా పారేయలేదు."

గర్వంగానే చెప్పాడు. పెళ్లి నిలవలేదు, తోడు మాత్రం నిలిచింది.

ఇర్మా చెంచా కింద పెట్టింది. "అయితే నాయనా, నువ్వు రుచి చూసేది పాలు కాదు. తోడు."

డేల్ తన తెర వైపు, ఆవిడ తెర వైపు మార్చి మార్చి చూశాడు.

"ఆ ఫిన్లాండువాడు నన్ను కొత్త ఖాతా తెరవమన్నాడు. తెరిచాను. నువ్వు తెరువు. తోడు లేని పాలు ఎట్లా ఉంటాయో చూద్దాం."

లూన్ పుట్టినప్పటి నుంచి ఫిర్యాదు చేసిన ప్రతి మనిషికీ డేల్ ఇచ్చిన సలహా అది. బ్రెజిల్ ఆయనకిచ్చాడు, హాలిఫాక్స్ ఆవిడకిచ్చాడు, ఊరూపేరూ లేనివాళ్లకు కూడా ఇచ్చాడు. తాను ఒక్కసారి కూడా పాటించలేదు. ఊరందరికీ పథ్యం చెప్పిన వైద్యుడి ఇంట్లో ఊరగాయ జాడీ ఉన్నట్టు.

కొత్త ఖాతా తెరిచాడు. బోసి తెర వచ్చింది, అతనిది ఏదీ లేని తెర. సొంత ఇంట్లో సామానంతా ఎవరో ఎత్తుకుపోయినట్టుంది. లూన్‌ను పిలిచాడు. ఒక అక్షరం కొట్టాడు.

భూతద్దం పైన ఎడమ మూలకు పారిపోయింది.

"ఆఁ," అంది ఇర్మా, తెర కనపడకపోయినా. అతను ఊపిరి బిగపట్టిన చప్పుడు విని పోల్చుకుంది.

తన పాత ఖాతాలోకి తిరిగి వెళ్లి సెట్టింగుల ఫైలు తెరిచాడు. అటకలాంటి ఫైలు అది. చచ్చిపోయిన ప్రింటర్ల పేర్లు కూడా ఉన్నాయి అందులో. అడుగున ఒక వరస దొరికింది. అతని రాతే. లూన్ ప్రతి అక్షరానికీ, రాసే కిటికీని 'అక్షరం ఎక్కడుంది?' అని అడుగుతుంది. కొన్ని కిటికీలు జవాబు చెప్పవు. జవాబు రాకపోతే కోపిష్టి మాస్టారిలా లూన్ సున్నా వేసుకుంటుంది. తెర మీద సున్నా అంటే పైన ఎడమ మూల. డేల్ ఫైలులో మాత్రం, జవాబు రాకపోతే ఉన్నచోటే ఉండమని ఒక ఆజ్ఞ ఉంది. ఎప్పుడో ఈ రోగమే తనకు తగిలితే తనవరకు మందు వేసుకున్నాడు. అప్పట్లో అలా నోరు మెదపని కిటికీలు ఒకటో రెండో ఉండేవి, ఎవరూ పట్టించుకోలేదు. మొన్నటి అప్‌డేట్‌తో కిటికీలన్నీ మౌనవ్రతం పట్టాయి. మందున్నవాడికి రోగం వచ్చినట్టే తెలియలేదు.

ఆజ్ఞ పక్కన తనకు తానే ఒక మాట రాసుకున్నాడు: 'తాత్కాలికం. రేపు అందరికీ సరిచేయాలి.'

అప్పు రేపు అని బోర్డు కట్టిన దుకాణం రేపే అది కూడా.

"దొరికిందండీ," అన్నాడు. ఆ వరసను ఇర్మా యంత్రంలోకి ఎక్కించి, లూన్‌ను ఆపి మళ్లీ నడిపాడు. "ఇప్పుడు కొట్టండి."

ఇర్మా ఒక అక్షరం కొట్టింది, ఆగింది. ఇంకొకటి కొట్టింది. భూతద్దం కదలలేదు. ఒక మాట మొత్తం కొట్టింది, తరువాత వాక్యం, తరువాత ముక్కు తెరకు ఆనేంత దగ్గరికి వంగి రెండు గళ్లకు ఆధారాలు గబగబా రాసేసింది. తలెత్తనేలేదు. కుట్టుమిషన్ ఆపి కానీ ఆవిడ వేళ్లనే చూస్తూ కూర్చుంది.

డేల్ తన ల్యాప్‌టాప్‌ను కాస్త పక్కకు తిప్పుకున్నాడు. మూసిన ఫిర్యాదును వెతికి, తెరిచి, కింద రాశాడు: 'నా దగ్గరా జరుగుతోంది. ఇన్నాళ్లూ నా సొంత ఫైలులో ఒక పాత సర్దుబాటు దీన్ని దాచింది. కొత్త ఖాతాలో చూడమని మీకు చెప్పాను, నేను చూడలేదు. పొరపాటు నాది. మళ్లీ తెరుస్తున్నాను.' పంపాడు.

బల్లకు అటువైపు ఇర్మా కంప్యూటరు టింగుమంది.

"ఉత్తరమేదో వచ్చినట్టుంది," అంది ఇర్మా. భూతద్దాన్ని దాని మీదికి నడిపించుకుని నెమ్మదిగా చదివింది. చదివినదే మళ్లీ చదివింది. వెనక నుంచి కానీ కూడా ఆవిడ భుజం మీదుగా చదివి, కత్తెర బల్ల మీద పెట్టి, డేల్ వంక చూసింది. డేల్ వీలీ సీసా వంక చూశాడు.

"ఫిన్లాండు బాగా దగ్గరికొచ్చేసిందే," అంది ఇర్మా.

"నేను చెప్దామనే..."

"ఎప్పుడు? రేపా?"

"వెధవ అన్నాను నిన్ను," అంది కానీ. "వెనక్కి తీసుకోవట్లేదు. ఊరికే గుర్తు చేస్తున్నా."

డేల్ చెవులు సౌనా పొయ్యి మీద కాలే రాళ్లలా ఎర్రబడ్డాయి. "మీరు హెల్సింకీలో ఉన్నారనుకున్నానండీ."

"ఉంటే? హెల్సింకీలో వాళ్లకి కళ్లు అక్కర్లేదా?"

దానికి అతని దగ్గర జవాబు లేదు. లూన్ అయితే సున్నా వేసుకునేది.

ఇర్మా కుర్చీ వెనక్కి జరుపుకుంది. "సరే. నాకు నీ మందు ఉంచు. సోమవారం గడువుంది, నేనేం త్యాగమూర్తిని కాను. ఆ కింద రాసిన బ్రెజిల్ ఆయన సంగతేంటి? ఇంకో ఆవిడ సంగతేంటి?"

"అసలు ప్రోగ్రాములోనే మార్చాలండీ. జవాబు రాకపోతే ఉన్నచోటే ఉండడమన్నది అందరికీ మొదటి నుంచే ఉండాలి. దాన్ని కదిపితే ఇంకేవో కదులుతాయి. పరీక్షించాలి. కొంచెం టైము పడుతుంది."

"ఎంత టైము?"

"చూడాలి. వీలు చూసుకుని..."

"నీ ఫైలులో ఆ వరస ఉన్నన్నాళ్లూ నీకు వీలు దొరకదు నాయనా. అది తీసెయ్."

"నా దాంట్లోంచా?"

"నీ దాంట్లోంచే. మా అందరికీ పారిపోయినట్టే నీకూ పారిపోనీ. నీకు గడువు లేదు కదా."

డేల్ కానీ వైపు చూశాడు. సహాయం దొరుకుతుందేమోనని చూడలేదు, అలవాటు కొద్దీ చూశాడు. ఆవిడ మళ్లీ కుట్టుమిషన్‌లో తల పెట్టేసింది.

ఆ వరస తీసేశాడు. యంత్రాలు మారినా, ఇల్లు మారినా, భార్య విడిపోయినా మారకుండా వెంట వచ్చిన వరస. తీయడానికి ఒక్క మీట చాలింది.

ఇర్మా స్లెడ్ మీద సామాను సర్దుకుంది. సీసా మాత్రం బల్ల మీదే వదిలింది. "అడుగున రెండు చెంచాలు మిగుల్చుకో. పాలు పోసుకుంటే మళ్లీ తోడుకుంటుంది," అని చెప్పి, తలుపు భుజంతో తోసుకుంటూ వెళ్లిపోయింది.

సోమవారం దుకాణంలో డేల్ ఒక పొయ్యికి బిల్లు కొడుతుంటే భూతద్దం పారిపోయింది. లాక్కొచ్చాడు, పారిపోయింది. కొన్న ఆసామి కోటు గుండీలు పెట్టుకుని, విప్పి, మళ్లీ పెట్టుకున్నాడు. "ఏమయ్యా, బిల్లు కొడుతున్నావా, చేపలు పడుతున్నావా?" అన్నాడు. డేల్ కాగితం మీద చేత్తో రాసిచ్చాడు. సాయంత్రానికి మెడ పట్టేసింది. ఎదుటివాళ్ల ఫిర్యాదుల్లో చదివినప్పుడు అదొక చిన్న చిక్కు. రోజంతా మోస్తే, చూపున్న చోట చూపు లేకుండా పోయినట్టుంది. అతనికి ఒక కన్నయినా సరిగా ఉంది. మధ్యాహ్నం అయ్యాక సంపాదకుడికి ఫోన్ చేద్దామనుకుని, ఏమని అడగాలో తోచక మానేశాడు.

దుకాణం పొయ్యి పక్కన కూర్చుని లూన్ గుండె విప్పాడు. ఒకచోట సరిచేస్తే రెండుచోట్ల చెదిరింది. ఫైలులో ఆ ఒక్క వరస తిరిగి పెట్టుకుంటే ఈ బాధ ఉండదు కదా అని చెయ్యి రెండుసార్లు అటు వెళ్లింది. రెండుసార్లూ వీలీ సీసా కనపడి వెనక్కి వచ్చింది. బుధవారానికి సరైనట్టనిపించింది. కొత్త ఖాతా ఒకటి తెరిచి అందులో చూశాడు, దాన్ని తీసేసి ఇంకొకటి తెరిచి మళ్లీ చూశాడు. అప్పుడు కొత్త లూన్‌ను లోకం మీదికి వదిలి, ఫిర్యాదు కింద రాశాడు: 'సరిచేశాను. ముందు నేను ఎక్కించిన వరస ఉంటే తీసేసి, చూసి చెప్పండి. మీరు చెప్పేదాకా మూయను.'

బ్రెజిల్ ఆయన బొటనవేలు బొమ్మ పెట్టాడు. హాలిఫాక్స్ ఆవిడ బతికించారని రాసింది. వీలీ దగ్గర నుంచి జవాబు రావడానికి కాస్త ఆలస్యమైంది. వచ్చినది ఇంతే:

'నా దగ్గర బాగానే ఉంది. కీటోస్.'

ఈసారి ఆ ధన్యవాదాలు కొంచెం గోరువెచ్చగా ఉన్నట్టు తోచింది డేల్‌కు. అది ఊహ కూడా కావచ్చు. పొయ్యి పక్కనే కూర్చున్నాడు.

శనివారం కాఫీ కాచుకుని పత్రిక విప్పాడు. గళ్ల కింద ఐ. ఎస్. ఉంది. అడ్డం మొదటి ఆధారమే మంచు తీసే బండి గురించి. నిలువులో ఒకచోట చర్చిలో శ్రుతి తప్పే మనిషి గురించి ఉంది. దానికి జవాబు హెల్మీ అని గళ్లు నింపాక గానీ తేలలేదు. కింది కుడి మూలలో నాలుగు గళ్లు ఎంత తన్నుకున్నా కదలలేదు. వాటిని ఖాళీగా వదిలి మూడో పనికి కూర్చున్నాడు.

వీలీ నుంచి కొత్త ఫిర్యాదు వచ్చి ఉంది.

'ఏం చేశారు: మీరు సరిచేసినది వాడాను.

ఏం జరగాలనుకున్నారు: భూతద్దం పారిపోకూడదనుకున్నాను, అలాగే పారిపోవడం లేదు. కానీ కింది వరసకు వెళ్లాలనుకున్నప్పుడైనా కదలాలి కదా.

ఏం జరిగింది: ఖాళీ వరసలోకి దిగితే పైవరసలోనే కూర్చుంటోంది. గళ్లలో ఖాళీలు ఎక్కువని మీకు తెలుసు.'

డేల్ నవ్వలేదు. పాత ఖాతా మూసి, కొత్తది తెరిచాడు. బోసి తెర మీద ఒక వరస కొట్టి, కింది ఖాళీ వరసలోకి దిగాడు. భూతద్దం పైవరసలోనే కదలకుండా కూర్చుంది.

'నా దగ్గరా ఇంతే,' అని రాసి, ఫిర్యాదును తెరిచే ఉంచి, చల్లారిన కాఫీ వెచ్చబెట్టుకోవడానికి లేచాడు.